రెండు చెరువుల మధ్య మా చేను. ఈ దాళ్వాకి ఏం చేయమంటారు?

యనమదుర్రు గట్టు
అక్టోబర్ 24, రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. మాది గోదావరి పశ్చిమ డెల్టా, యనమదుర్రు డ్రెయిన్‌కి (మురుగు కాలవకి) దగ్గర. నాన్నగారి నుంచి వచ్చిన చేను మూడెకరాల ఇరవై సెంట్లు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వరే. మా బోదె (పిల్లకాలవ) కింద మొత్తం 34 ఎకరాలు. పదేళ్ళ కిందట అంతా పచ్చటి చేలే. ఇప్పుడు 19 ఎకరాలు చెరువులైపోయాయి. నాకు తూర్పున ఒక రొయ్యల చెరువు, పడమర ఇంకోటి.

మొన్న మా అమ్మాయి సాంఘిక శాస్త్రం పాఠం అప్పజెబుతోంది. జీవనాధార వ్యవసాయం, వాణిజ్య వ్యవసాయం, మిశ్రమ వ్యవసాయం, తోట పంటలు అంటూ. వింటుంటే మా ఊరి పుంత (పొలాల బాట) కళ్ళ ముందు కదిలింది. మా ఇంటి నుంచి చేను దాకా కిలోమీటరున్నర ఉంటుంది. ఇంటి వెనక అమ్మ పెట్టిన దొండపాదు, బెండ మొక్కలు మా తిండికే. అది దాటితే కొబ్బరితోట, అందులో అరటి, కంద. తర్వాత వరి. చివర రొయ్యలు, అవి ఓడ ఎక్కి అమెరికా పోతాయి. పుస్తకంలో ఒక్కో పేజీలో ఉన్నవన్నీ మా పుంతలో గట్టుకి గట్టు ఆనుకుని ఉన్నాయి. పుస్తకంలో మాత్రం ఒకదాని నీళ్ళు ఇంకోదాంట్లోకి ఊరవు.

పోయిన దాళ్వాలో, ఫిబ్రవరి నెలలో, తూర్పు గట్టు పక్కన నాలుగు బారల మేర చేను దెబ్బతింది. ఆకు కొసలు తెల్లబడి చుట్టుకుపోయాయి. తెగులేమో అనుకుని మందు కొట్టించాను. తగ్గలేదు. ఒక రోజు పొద్దున్నే మంచు ఆరాక చూస్తే గట్టు ఒరన తెల్లటి పొర కనబడింది, సున్నం చల్లినట్టు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. ఎకరాకి 48 బస్తాలు అయ్యే దాళ్వా 37 దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు పడమటి చెరువు చేసేవారు వచ్చి, సంక్రాంతి వెళ్ళాక నా చేను కూడా లీజుకి ఇమ్మంటున్నారు. వరి మక్తాకి (కౌలుకి) మూడు రెట్లు ఇస్తామంటున్నారు. ఇంట్లో అందరికీ ఆశగానే ఉంది, నాకూ ఉంది. కానీ నా వెనక ఇంకా పదెకరాలకి పైగా వరి ఉంది. ముగ్గురు చిన్న రైతులు, ఇద్దరు కౌలు రైతులు. నా చేను తవ్వితే వాళ్ళ బోదె నా చెరువు గట్టు పక్కనుంచే పోవాలి. నాకు వచ్చిన ఉప్పే వాళ్ళకీ వస్తుంది.

ఇవ్వకుండా ఉంటే ఈ చేనుని నిలబెట్టుకునే దారి ఉందా? ప్రకృతి వ్యవసాయం చేస్తే నేల బాగవుతుందని కొందరు అంటున్నారు. చేసినవాళ్ళు చెప్పండి.


కోనసీమ కొబ్బరాకు
అక్టోబర్ 24, రాత్రి 9:32

ఇవ్వకండి. మట్టి తవ్వి గట్లు పోశాక మళ్ళీ దాన్ని వరిమడి చేయాలంటే పైమట్టి ఎక్కడి నుంచి తెస్తారు? వివరంగా తర్వాత రాస్తాను, ఇప్పుడు తోటలో మోటారు కట్టాలి.


రొయ్యల చెరువు
అక్టోబర్ 24, రాత్రి 10:48

నేను ఏడెకరాల చెరువు చేస్తున్నాను, కాబట్టి నా మాట కూడా వినండి.

మేమూ వరి రైతులమే. 2011లో కోనసీమలో క్రాప్ హాలిడే పెట్టినప్పుడు మా చేను కూడా బీడు పెట్టాం. సార్వా ఊడ్పులప్పుడు నీళ్ళు లోపల నిలిచిపోయి నారు కుళ్ళేది. డ్రెయిన్లలో పూడిక తీసేవాళ్ళు లేరు. కోతలకి కూలీలు దొరకరు. ధాన్యం రేటు చూస్తే పెట్టుబడికే చాలదు. ఆ ఏడు జూన్‌లో ఖాళీ చేను గట్టు మీద కూర్చుని మా నాన్న మాట్లాడకుండా చూస్తుండిపోయారు. ఆ చూపు మర్చిపోలేను. రెండేళ్ళ తర్వాత చెరువు తవ్వాం. వనామీ రొయ్య అప్పటికే వచ్చేసింది, 2009లో అనుమతి ఇచ్చారు కదా. చెరువు మీదే అప్పులు తీర్చాను, పిల్లని ఇంజినీరింగ్ చదివించాను. చెరువు రైతులందరూ నేలని పాడుచేసేవాళ్ళే అన్నట్టు మాట్లాడితే బాధగా ఉంటుంది.

కానీ నిజం కూడా చెప్పాలి. 110 రోజుల పంటలో ప్రతి రాత్రీ టెన్షనే. కరెంటు పోతే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగుతాయి, గంట గడిస్తే రొయ్యలు పైకి తేలతాయి. తెల్లమచ్చ రోగం వస్తే మూడు రోజుల్లో అంతా ఊడ్చుకుపోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం అనేసరికి ఇక్కడ కాటా దగ్గర రేటు పడిపోయింది. అక్కడెవరో సంతకం పెడితే ఇక్కడ మా గట్టు మీద ఏడుపు.

పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, తూము ఎత్తి నీళ్ళు ఎక్కడికి వదులుతాను? మా బోదెలోకే. అడుగున మిగిలిన మేత, రొయ్యల రెట్ట కలిసి నల్లటి బురద, కుళ్ళిన గుడ్డు వాసన. ఆ నీళ్ళే మా కింద ఉన్నవాళ్ళ చేలల్లోకి వెళ్తాయని తెలుసు. ఇంతవరకు దానికి నేనేమీ చేయలేదు.


స్వర్ణ 7029
అక్టోబర్ 25, ఉదయం 6:15

వరి పరిశోధనలో చాలా ఏళ్ళు క్షేత్ర సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఆధునిక వ్యవసాయం అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది యూరియా దగ్గర మొదలుపెడతారు. మన డెల్టాకి మాత్రం అది నీళ్ళతో మొదలైంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాక, వాన మీద ఆధారపడిన నేల కాలవ మీద ఆధారపడే నేలగా మారింది. కరువు పోయింది. అంతకన్నా పెద్ద మార్పు మన దగ్గర ఇంకోటి జరగలేదు. కాలవ ఎంత ముఖ్యమో మురుగు కాలవ అంత ముఖ్యం అన్నది మాత్రం మనకి చాలా ఆలస్యంగా తెలిసింది. 1960ల్లో డ్రెయిన్ల కోసం మిత్రా కమిటీ వేశారు. అప్పుడు చెప్పిన పనుల గురించి ఇప్పటికీ రైతులు అడుగుతూనే ఉన్నారు.

1925లో మారుటేరులో వరి పరిశోధన స్థానం పెట్టారు. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి ఐఆర్ 8 అనే వరి రకం వచ్చింది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఆ మరుసటి ఏడే దాన్ని ఇక్కడ పండించి చూపించారు. పొట్టి మొక్క, ఎరువు వేస్తే పడిపోకుండా గింజ పట్టే మొక్క. తర్వాత 1982లో మారుటేరు నుంచి స్వర్ణ వచ్చింది, మా ఎంటీయూ 7029. అది బెంగాల్ దాకా, బంగ్లాదేశ్ దాకా పాకింది. కోట్లమంది కడుపు నింపిన విత్తనం మన బురదలో పుట్టింది. ఆ గర్వం నాకు ఉంది, ఉంటుంది.

తప్పు జరిగింది విత్తనంలో కాదు, దాని చుట్టూ మనం మానేసిన పనుల్లో. నా చిన్నప్పుడు వేసవిలో ప్రతి చేలో జనుమో పిల్లిపెసరో ఉండేది. తొలకరికి దమ్ములో కలియదున్నేవాళ్ళం. యూరియా చవగ్గా దొరికేసరికి అది పోయింది. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. నిలవ నీళ్ళలో విసిరితే మొక్క తీసుకునేది అందులో మూడో వంతుకి కాస్త అటూ ఇటూ. మిగిలినది గాలిలోకి, డ్రెయిన్‌లోకి. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క అంత ఏపుగా ఎందుకు పెరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? మనం డబ్బు పెట్టి కొన్న ఎరువే అది తింటోంది. అది అడ్డం పడి డ్రెయిన్ పారదు, పారకపోతే మళ్ళీ మన చేనే మునుగుతుంది.

వరి మొక్క రసం పీల్చే సుడిదోమ కూడా అంతే. ఎక్కువ యూరియాకి చేను నల్లగా, గుబురుగా ఎక్కుతుంది. ముందు ఆకుచుట్టు పురుగుకని ఏదో మందు కొడతాం. దాంతో సాలీళ్ళు, దోమ గుడ్లు తినే మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. నెల తిరిగేసరికి కుదుళ్ళ మొదట్లో దోమ గుంపులు కడుతుంది, చేను సుడులు సుడులుగా మాడిపోతుంది. రెండు మీటర్లకో 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి, గాలి ఆడుతుంది అని ఎన్ని చేలల్లో చెప్పానో. "అంత నేల ఖాళీగా వదలాలా" అనేవారు.


యనమదుర్రు గట్టు
అక్టోబర్ 25, ఉదయం 7:40

స్వర్ణ గారూ, మందు కొట్టించిన మాట చెప్పాను కదా, అది ఉప్పు దెబ్బ అని తెలియక రెండుసార్లు కొట్టించాను. మీ పోస్టు చదివాక వెళ్ళి చూశాను. గట్టు మీద సాలెగూళ్ళు మంచు పట్టి మెరుస్తూ ఉండేవి, నా చిన్నప్పుడు వాటిని కర్రతో తెంపుకుంటూ నడిచేవాణ్ణి. ఈ రోజు గట్టు పొడుగునా నడిస్తే ఆరు కనబడ్డాయి.


పొలంబడి
అక్టోబర్ 25, సాయంత్రం 5:20

వ్యవసాయ విస్తరణలో పనిచేస్తున్నాను. ముందు ఉప్పు సంగతి తేల్చుకుందాం.

మీ పెద్దవాళ్ళు పాలచౌడు, కారుచౌడు అనేవారు, గుర్తుందా? తెల్లగా పొర కట్టేది పాలచౌడు, అంటే ఉప్పు నేల. నల్లగా జిగురుగా ఉండి, నీళ్ళు ఇంకనిది కారుచౌడు, అంటే క్షార నేల. రెండింటికీ వైద్యం వేరు. కారుచౌడుకి జిప్సం పనిచేస్తుంది. పాలచౌడుకి జిప్సం వేస్తే డబ్బు దండగ, దానికి మంచి నీళ్ళు పెట్టి, నిలవగట్టి, కిందికి దించి డ్రెయిన్‌లోకి తీసేయాలి. కాబట్టి దుకాణంలో ఎవరేం చెప్పినా కొనకండి. సార్వా కోత అవగానే గట్టు పక్కన ఒకటి, కాస్త లోపల ఒకటి, చేను మధ్యలో ఒకటి, మూడు చోట్ల వేరు వేరుగా మట్టి తీసి పరీక్షకి ఇవ్వండి. అన్నీ కలిపేస్తే అసలు విషయం దాక్కుంటుంది. ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే లెక్క) 4 దాటితే ఉప్పు నేల అంటాం. వరికి 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గుతుంది. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 లోపు ఉంటే అది పాలచౌడే.

సార్వాలో మీకు కనబడకపోవడానికి కారణం వానలు. వాన ఉప్పుని కడిగేస్తుంది. దాళ్వాలో ఎండ, కాలవ నీళ్ళు వంతుల మీద, చెరువులో మాత్రం ఎప్పుడూ నాలుగైదు అడుగుల నీటి ఒత్తిడి. ఊట మీ వైపుకే నడుస్తుంది.

అసలు మందు ఊటకాలవ. చెరువు గట్టుకీ మీ గట్టుకీ మధ్య, మీ చేను మట్టం కంటే రెండడుగుల లోతుగా తవ్వి, డ్రెయిన్‌కి కలపాలి. అది లేకుండా మీరు చేలో ఏం పోసినా పైపై పూతే. ఆ నేల చెరువు వాళ్ళ వైపు నుంచి రావాలి, అది మాట్లాడి ఒప్పించాల్సిన పని. చేలో మటుకు ముదురు నారు వేయండి, కుదురుకి ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టండి. నారు దశలోనూ పూత దశలోనూ వరి ఉప్పుకి తట్టుకోలేదు, ఆ రోజుల్లో మంచి నీళ్ళు తగ్గనివ్వకండి. మేలో జీలుగ చల్లండి. జనుము కంటే జీలుగ ఉప్పుని ఓర్చుకుంటుంది.

ప్రకృతి వ్యవసాయం మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వమే పెద్ద ఎత్తున చేయిస్తోంది. నేను చూసిన చేలల్లో మట్టి గుల్లబారడం, వానపాములు రావడం, ఖర్చు తగ్గడం నిజం. దాళ్వా దిగుబడి మాత్రం మొదటి రెండు మూడు పంటలు తగ్గవచ్చు, అది దాచి చెప్పడం రైతుకి అన్యాయం. ఇంకో మాట, పేడ, మూత్రంతో చేసే జీవామృతం ఉప్పుని కరిగించదు. మట్టిలో సేంద్రియం పెరిగితే మొక్కకి ఓర్పు పెరుగుతుంది, అంతే. ఊట ఆగకపోతే ఏ పద్ధతీ నిలవదు.


ఆరుతడి
అక్టోబర్ 25, రాత్రి 8:05

అందరూ ఉప్పు, మందుల గురించే చెబుతున్నారు, వరి చేలో నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నీళ్ళు ఎప్పుడూ నిలవ ఉంటే కింద మట్టికి గాలాడదు, అక్కడ సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. అది బొగ్గుపులుసు వాయువు కంటే వందేళ్ళ లెక్కలో 27, 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. మన డెల్టా మొత్తం ఆలోచించండి, పది లక్షల ఎకరాల ఆయకట్టు, రెండు పంటలు.

నేను రెండు దాళ్వాల నుంచి పైపు పెడుతున్నాను. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు, కింది సగానికి చిల్లులు, ఆ సగం మట్టిలోకి దింపాలి. లోపల నీళ్ళు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్ళీ తడి. పూత దశలో మాత్రం ఆరబెట్టను. పంట తగ్గలేదు, వేళ్ళు బలంగా దిగాయి. మీరూ పెట్టండి.


పొలంబడి
అక్టోబర్ 25, రాత్రి 8:50

ఆరుతడి గారు చెప్పినది మంచి పద్ధతి, నేనూ చెబుతాను. కానీ యనమదుర్రు గట్టు గారి తూర్పు వైపు మడుల్లో వద్దు. ఉప్పు ఊట ఉన్నచోట మడి ఆరితే, అడుగు ఉప్పు నీటితో పాటు పైకెక్కి వేళ్ళ దగ్గర పేరుకుంటుంది. మీథేన్ తగ్గిద్దామని చేను పోగొట్టుకోకూడదు. మధ్య మడుల్లో పెట్టుకోవచ్చు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆరుతడి గారూ, మీకు సొంత బోరు ఉందేమో. బోదె శివారులో వంతు నీళ్ళ మీద ఉన్నవాడు, నీళ్ళు వచ్చిన రోజు పట్టుకోకపోతే మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదని మడి నిండా పెట్టేసుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. వంతు ఖాయంగా వస్తుందన్న నమ్మకం ఉంటేనే పైపు పనిచేస్తుంది. అది బోదె మొత్తం కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.


ఆరుతడి
అక్టోబర్ 25, రాత్రి 9:02

నిజమేనండి, నాకు బోరు ఉంది. అది ఆలోచించలేదు.


కౌలుదారు
అక్టోబర్ 26, మధ్యాహ్నం 1:30

మీ అందరి సలహాలూ చదివాను. నేను నాలుగెకరాలు కౌలుకి చేస్తున్నాను. మా చుట్టుపక్కల చేను చేసేవాళ్ళలో సొంత నేల ఉన్నవాళ్ళు తక్కువ, ఎక్కువమందిమి కౌలుకే.

నా కౌలు నోటి మాట. ఏడాదికి ఒకసారి. వచ్చే ఉగాదికి ఆ చేను నాదవుతుందో ఇంకొకరిదవుతుందో తెలియదు. మూడేళ్ళకి నేల బాగుపడుతుంది అంటే నేను ఎవరి కోసం బాగుచేయాలి? పోయినసారి నేను జీలుగ దున్ని, పెంట తోలించి, మడులు సమం చేయించాను. చేను బాగా పండింది. బాగా పండిందని మక్తా రెండు బస్తాలు పెంచారు. అప్పటి నుంచి యూరియానే వేస్తున్నాను. ఈ పంటలో వేస్తే ఈ పంటలో కనబడుతుంది.

సాగుదారు హక్కు కార్డు ఉంటే అప్పు, బీమా వస్తాయంటారు. 2019లో చట్టం చేశారు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని వాళ్ళ భయం. కార్డు లేక, బ్యాంకు అప్పు లేక, నేను ఎరువుల దుకాణంలో అరువు తెస్తాను. అరువు ఇచ్చినాయన ఏ మందు ఇస్తే అదే కొడతాను, వద్దనలేను. చేలో ఏం కొట్టాలో నేను నిర్ణయించట్లేదండి, నా అప్పు నిర్ణయిస్తోంది.

యనమదుర్రు గట్టు గారూ, మీ వెనక ఉన్న కౌలు రైతులని తలుచుకున్నారు. అందుకు మీకు దండం.


గేదెల దొడ్డి
అక్టోబర్ 26, రాత్రి 7:15

నాకు మూడు గేదెలు, ఎకరంన్నర చేను. మా ఆయన పోయాక నేనే చేసుకుంటున్నాను. పెంట తోలమని, జీవామృతం కలపమని అందరూ చెబుతారు. పశువులెక్కడున్నాయి బాబూ ఊళ్ళో?

కోత మిషన్ వచ్చాక గడ్డి పోయింది. చేత్తో కోసినప్పుడు పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చి, గడ్డిమేటు వేసుకునేవాళ్ళం. ఏడాదంతా మేత. మిషన్ కోసిన గడ్డి ముక్కలై, చక్రాల కింద నలిగి, బురదలో పొర్లి వస్తుంది. గేదె మూతి పెట్టదు. కట్టలు కట్టే మిషన్ తెప్పిస్తే ఉంది, కానీ దానికి అద్దె పెట్టేబదులు అగ్గిపుల్ల గీస్తున్నారు. డిసెంబర్ సాయంత్రాల్లో మా ఊరి మీద పొగ మబ్బులా నిలబడుతుంది. మా మనవడికి ఆ నెలంతా దగ్గే.

మేత లేక గేదెల్ని అమ్మేశారు. మా వీధిలో పద్నాలుగు ఇళ్ళలో పాడి ఉండేది, ఇప్పుడు మూడిళ్ళు. గేదెలు పోతే పెంట పోయింది, పెంట పోతే యూరియా ఇంకో బస్తా. నా చేలో నేను ప్రతి ఏడూ బండెడు పెంట వేస్తాను. పక్క చేనుకీ నా చేనుకీ గట్టే తేడా. నాగలి అక్కర్లేదు, వేలితో గుచ్చినా నా మట్టి దిగుతుంది.

ఈ ఏడు నేనూ ఇంకో నలుగురు ఆడవాళ్ళం కలిసి కట్టల మిషన్‌ని ఒకే రోజు తెప్పిస్తున్నాం. ఒక్కరికైతే రాడు, పదెకరాలు ఉంటే వస్తానన్నాడు.


స్వర్ణ 7029
అక్టోబర్ 26, రాత్రి 8:00

చాలా మంచి పని అమ్మా. టన్ను గడ్డిలో నత్రజని ఐదారు కిలోలు ఉంటుంది. కాలిస్తే అది దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. ఆ మర్నాడే దుకాణానికి వెళ్ళి అదే నత్రజనిని బస్తాలో కొనుక్కొస్తాం.


కొల్లేటి కొంగ
అక్టోబర్ 27, ఉదయం 8:25

మాది కైకలూరు వైపు. చెరువులు ఒక్కొక్కటిగా మొదలై చివరికి ఎక్కడికి చేరతాయో మా కొల్లేరు చూస్తే తెలుస్తుంది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా సరస్సు లోపలే చెరువులు తవ్వారు. 2006లో ప్రభుత్వం యంత్రాలు పెట్టి గట్లు తెగ్గొట్టింది. తవ్విన రోజు ఎవరూ ఆపలేదు, తెగ్గొట్టిన రోజు మాత్రం నష్టపోయింది చిన్నవాళ్ళే. ఇప్పుడు ఉప్పుటేరులోంచి సముద్రపు నీళ్ళు ఎదురెక్కుతున్నాయని మా వాళ్ళు వాపోతున్నారు.

మా అమ్మమ్మ సార్వా చేలల్లో మావు వేసి చేపలు పట్టేది. కొర్రమీను, ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి, చేదుపరిగె. అవి ఎవరూ పెంచలేదు, వరితో పాటే పెరిగేవి. ఈ తరం పిల్లలకి బొచ్చె, శీలావతి, పంగస్ తప్ప పేర్లు తెలియవు. వరి, చేప కలిపి పెంచడం కొత్త పద్ధతి అని శిక్షణ ఇస్తున్నారు కదా, మా అమ్మమ్మ వాళ్ళ చేలో అది దానంతటదే జరిగేది. మందులు తగ్గితే ఇప్పటికీ వస్తాయి. మా పెదనాన్న గారు రెండు సార్వాలు మందు కొట్టకపోతే ఇంగిలాయి మళ్ళీ కనబడింది. నేను కళ్ళారా చూశాను.


కోనసీమ కొబ్బరాకు
అక్టోబర్ 27, రాత్రి 9:00

ఆ రోజు రాస్తానన్నాను. మా తోట అనుభవం మీ చేనుకి పనికొస్తుందేమో చూడండి.

1996 నవంబర్ తుపానుకి మా కొబ్బరితోట నేలమట్టమైంది. నాకప్పుడు పదకొండేళ్ళు. మళ్ళీ మొక్కలు పెట్టి, కాపుకి తెచ్చుకున్నాం. 2016 తర్వాత సర్పిలాకార తెల్లదోమ వచ్చింది. ఆకు అడుగున తెల్లటి దూది చుట్టలు చుట్టలుగా, కింది ఆకుల మీద నల్లటి మసి. కొబ్బరి కిందున్న అరటి, జామ, కోకో అన్నీ నల్లబడ్డాయి. ఉతికి ఆరేసిన బట్టలకి కూడా జిగురు అంటేది. భయపడి అందరం మందులు కొట్టాం. ఎంత కొడితే అంత పెరిగింది. ఎందుకంటే ఆ దోమ పిల్లల్లో గుడ్డు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ లాంటి పురుగు ఉంది, మేము ముందు చంపింది దాన్ని.

అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు రసాయనాలు ఆపమన్నారు. ఐసేరియా అనే మిత్ర శిలీంద్రాన్ని పిచికారీ చేయమన్నారు, మిగతాది నీళ్ళ ధారతో కడగమన్నారు. మా నాన్న ఒక్కరే ఆపితే లాభం లేకపోయింది, పక్క తోటలో కొడుతూనే ఉన్నారు. మా కాలవగట్టు మీద ఇరవై రెండు తోటల వాళ్ళం మాట్లాడుకుని ఒకేసారి ఆపాం. తగ్గడానికి ఏడాదిన్నర పట్టింది. పూర్తిగా పోలేదు, కానీ కాయ నిలబడింది.

దోమకి సర్వే నంబర్లు తెలియవు. ఉప్పు నీటికీ తెలియవు.


లంక మట్టి
అక్టోబర్ 28, ఉదయం 6:50

మేము లంకల్లో కూరగాయలు, అరటి వేస్తాం. మీకు ఉప్పు బాధైతే మాకు మట్టి బాధ. వరద తగ్గాక లంక మీద ఒండ్రు పేరుకుంటే ఆ ఏడు ఎరువు అక్కర్లేదు అనేవారు మా తాతలు. పైన గోదావరి మీదా ఉపనదుల మీదా ఆనకట్టలు కట్టాక ఒండ్రు చాలావరకు అక్కడే ఆగిపోతోంది. నీళ్ళు వస్తున్నాయి, మట్టి రావట్లేదు. లంక అంచులు ప్రతి వరదకీ కోసుకుపోతున్నాయి. డెల్టా అంటేనే నది తెచ్చిపోసిన మట్టి కదా. ఉన్న పైమట్టిని తవ్వి చెరువు గట్లు పోసే ముందు అది మళ్ళీ రాదని గుర్తుపెట్టుకోండి.


రొయ్యల చెరువు
అక్టోబర్ 28, రాత్రి 10:10

నాలుగు రోజులుగా ఇదంతా చదువుతున్నాను. నా ఏడెకరాల్లో డ్రెయిన్ వైపు అరెకరం ఉంది. ఈ పంట పట్టాక అందులో రొయ్యలు వేయకుండా తేట నీటి గుంటగా ఉంచుతాను. పట్టుబడి నీళ్ళు ముందు అందులోకి, మడ్డి కింద కూర్చున్నాక పైనీరు డ్రెయిన్‌లోకి. బోదెలోకి ఇక వదలను. అరెకరం ఆదాయం పోతుంది, పోనీ. యనమదుర్రు గట్టు గారూ, మీ పక్క చెరువుల వాళ్ళతో మాట్లాడాలంటే ఫోన్‌లో నేను మాట్లాడతాను. చెరువు రైతు చెబితే చెరువు రైతు వింటాడు.


యనమదుర్రు గట్టు
నవంబర్ 30, రాత్రి 9:45

ఆలస్యానికి క్షమించండి. కోతలు, మట్టి పరీక్ష, మాటలు, అన్నీ అయ్యాక రాద్దామని ఆగాను.

పరీక్ష వచ్చింది. తూర్పు గట్టు పక్కన ఈసీ 5.4, పది మీటర్ల లోపల 3.1, చేను మధ్యలో 1.6. ఉదజని సూచిక 7.9. పొలంబడి గారు చెప్పినట్టు పాలచౌడే. జిప్సం బస్తాలు అప్పటికే ఇంటికి తెప్పించబోయి ఆగాను.

పోయిన ఆదివారం మా బోదె మీద ఉన్నవాళ్ళందరినీ చేను గట్టు మీదకే పిలిచాను. పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. మా అమ్మాయి గట్టు నుంచి ఎన్ని అడుగులకి ఎంత ఉప్పు ఉందో పెద్ద కాగితం మీద గీసి పట్టుకుంది. ఆ కాగితం చూశాక ఎవరూ గొంతు పెంచలేదు. తూర్పు చెరువు ఆయన నాకు వరసకి మావయ్య అవుతారు. రొయ్యల చెరువు గారు ముందు రోజే ఆయనతో గంటసేపు మాట్లాడారట. తన గట్టుకి మా చేను వైపు నాలుగడుగుల నేల వదిలి ఊటకాలవ తవ్వించడానికి ఒప్పుకున్నారు. తవ్వకం కూలి సగం నాది. డ్రెయిన్‌కి కలిపే తూము ఖర్చు వరి వాళ్ళందరం పంచుకుంటున్నాం.

దాళ్వాకి వంతు రోజులు రాసుకున్నాం, శివారు వాళ్ళకి మొదటి వంతు. అందుకు నా పైన ఉన్నవాళ్ళు ఒప్పుకోవడానికే ఎక్కువసేపు పట్టింది. ఎలుకలకి మందు కూడా ఒకే రోజు అందరం పెడుతున్నాం. నూకలు 96 పాళ్ళు, నూనె రెండు, బ్రోమాడయోలోన్ రెండు. ఒకరు పెడితే పక్క గట్టుకి పోయే ఎలుకలు ఈసారి ఎటు పోతాయో చూడాలి. గడ్డి ఎవరూ కాల్చలేదు. గేదెల దొడ్డి గారు ఇచ్చిన ఆలోచనే, కట్టల మిషన్ మా బోదెకి ఒకే రోజు వచ్చింది.

నా వెనక ఉన్న కౌలు రైతులు ఇద్దరిలో ఒకరికి యజమాని కార్డు మీద సంతకం పెట్టారు, మూడేళ్ళకి మాట ఇచ్చారు. రెండో ఆయన యజమాని హైదరాబాద్‌లో ఉంటారు, ఫోన్ ఎత్తట్లేదు.

నా మూడెకరాలూ వరే వేస్తున్నాను. గట్టు పక్క మడులకి ముదురు నారు, మధ్యలో అరెకరం మాత్రం ఎరువు, మందు లేకుండా చేసి చూస్తాను, ఆ అరెకరంలోనే రెండు పైపులు పెడతాను. లీజు ఇవ్వనని పడమటి చెరువు ఆయనకి చెప్పేశాను. ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు అమ్మే ఆకుమడికి విత్తనం నానబోసింది.

పడమటి ఆయన మాత్రం ఊటకాలవకి ఒప్పుకోలేదు, మీటింగుకీ రాలేదు. ఆయన చెరువులో పట్టుబడి డిసెంబర్ 12న అట. తూము మా బోదె వైపే ఉంది. ఆ రోజు పొద్దున్నే తొమ్మిది మందిమీ వెళ్ళి అడుగుతాం, నీళ్ళు డ్రెయిన్ వైపు మళ్ళించమని. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.